చిల్లిగవ్వ విలువ – ఒక గుండీ కథ



మన గోడ పత్రికలో ఇంతవరకు మలేరియా గురించి, పాముకాటు గురించి, సూర్యగ్రహణం గురించి మంచి మంచి వ్యాసాలు వచ్చాయి. నేను మాత్రం మీ అంగీ మీద ఉన్న గుండీ గురించి రాస్తున్నాను. నవ్వకండి. ముందు ఒకసారి మీ అంగీ పై నుంచి కింది దాకా తడిమి చూసుకోండి. ఎన్ని గుండీలు ఉండాలి? ఎన్ని ఉన్నాయి? పోయిన సోమవారం ప్రార్థన అయ్యాక నేను మా తరగతి వరుస చూశాను. దాదాపు సగం మందికి ఒకటో రెండో లేవు. కొందరు పిన్నీసు పెట్టుకున్నారు. ఒకతను స్టేప్లర్ పిన్ను కొట్టుకొని వచ్చాడు! అది మధ్యాహ్నానికి ఊడి చేతికి గుచ్చుకుంది.

గుండీ ఊడటం చిన్న విషయమే. కానీ గుండీ లేని అంగీతో వరుసలో నిలబడిన వాడికి అది చిన్న విషయం కాదు. నాకు తెలుసు. నేను ఆరో తరగతి వేరే హాస్టల్లో చదివాను. అక్కడ ఒక రోజు పెద్ద సార్లు తనిఖీకి వస్తున్నారని చెప్పి, గుండీలు లేని వాళ్ళందరినీ వంటగది వెనక కూర్చోబెట్టారు. వాళ్ళు వచ్చి పోయేదాకా మేం పదకొండు మందిమి అక్కడే ఉన్నాం. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆ రోజు నేను మరిచిపోలేదు. ఒక్క సూది, ఒక జానెడు దారం ఉంటే సరిపోయేది. అవి మా పదకొండు మందిలో ఎవరి దగ్గరా లేవు. ఉన్నా కుట్టడం ఎవరికీ రాదు.

అందుకే ఈ వ్యాసం. గుండీ ఎక్కడ నుంచి వచ్చింది, మనం సొంతంగా ఎలా చేసుకోవచ్చు, ఎలా కుట్టాలి, చిరిగితే అతుకు ఎలా వేయాలి అన్నవి నాకు తెలిసినంత వరకు రాస్తాను.

గుండీ ఎప్పుడు పుట్టింది?

గుండీ చాలా పాతది. మన సాంఘిక శాస్త్రం పుస్తకంలో చదివిన సింధు నాగరికత కాలంలోనే మొహెంజొదారో వంటి చోట్ల చిప్పతో చేసిన గుండీలు వాడారు. అవి నాలుగు వేల ఏళ్ళ కిందటివి. అయితే అప్పుడు గుండీని ఎక్కువగా అందం కోసమే కుట్టుకునేవారు. గుండీ దూరడానికి బట్టకు చేసే సన్నని కంత ఉంది కదా, దాన్ని కాజా అంటారు. అది అప్పుడు లేదు. యూరప్‌లో కాజాలు కుట్టడం పదమూడో శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. అంటే గుండీ పుట్టిన మూడు వేల ఏళ్ళకు గాని దానికి ఇల్లు దొరకలేదన్నమాట!

ఇప్పుడు మన యూనిఫారం అంగీకి ఉండేవి ప్లాస్టిక్ గుండీలు. గుండీల కొలతకు లైను అనే లెక్క ఉంది. 40 లైన్లు అయితే ఒక అంగుళం. మామూలు అంగీ గుండీ 18 లైన్లు, అంటే సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు. స్కేలుతో కొలిచి చూడండి.

చిల్లిగవ్వ

"వాడి దగ్గర చిల్లిగవ్వ లేదు" అని మనం అంటుంటాం. తెలుగు సార్ ఈ జాతీయం చెప్పినప్పుడు అందరూ రాసుకున్నారు. కానీ నాకు మా దాది కాంచళి గుర్తొచ్చింది. దాది అంటే మా లంబాడీ భాషలో నాయనమ్మ. కాంచళి అంటే మా ఆడవాళ్ళు తొడుక్కునే రవిక. కింద కట్టుకునే పావడాను పేటియా అంటారు, తల మీద వేసుకునేది టుక్రి. వీటి మీద అద్దాలు, గవ్వలు, పూసలు, పాత నాణేలు కుడతారు.

పూర్వం గవ్వలే డబ్బు. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చేవి. బెంగాల్ వైపు పందొమ్మిదో శతాబ్దం మొదలు దాకా గవ్వలతో సరుకులు కొనేవారు. మా లంబాడీలు అప్పట్లో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా తిరిగి అమ్మేవారు. కాబట్టి సముద్రం చూడని తండాలోకి కూడా గవ్వలు వచ్చాయి. చిల్లుపడిన గవ్వకు బజారులో విలువ లేదు. అందుకే ఆ జాతీయం పుట్టింది. కానీ ఆలోచించండి. బట్ట మీద కుట్టాలంటే చిల్లు ఉన్న గవ్వే కావాలి! చిల్లు లేకపోతే దారం ఎక్కడ నుంచి పోతుంది? బజారులో పనికిరానిది కాంచళి మీదికి పనికొచ్చింది.

అలాగే చిల్లు కాణీ. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో రాగి పొదుపు చేయడానికి అప్పటి ప్రభుత్వం 1943 నుంచి 1947 వరకు నడుమ పెద్ద రంధ్రం ఉన్న కాణీలు అచ్చు వేసింది. ఒక రూపాయికి 64 కాణీలు. 1957లో నయాపైసలు వచ్చాక ఆ లెక్క పోయింది. కానీ దాది కాంచళి మీద ఆ కాణీలు ఆరు ఉండేవి. ఒక కాణీని ఆమె సంచి మూతికి గుండీలాగా కూడా కుట్టుకుంది.

ఉండేవి అని రాశాను. ఇప్పుడు లేవు. ఆ సంగతి కూడా రాయాలి. రాయకుండా వదిలేద్దామని రెండుసార్లు అనుకున్నాను. కానీ ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలైంది కాబట్టి రాస్తున్నాను.

నేను ఏడో తరగతిలో ఉండగా దాది నన్ను చూడడానికి హాస్టల్‌కు వచ్చింది. పేటియా, కాంచళి, చేతుల నిండా గాజులు. నడుస్తుంటే గలగలమని చప్పుడు. గేటు దగ్గర కొందరు పిల్లలు నవ్వారు. నాకు సిగ్గేసింది. ఆమె తెచ్చిన జొన్నరొట్టెలు తీసుకున్నాను గాని, పోయేటప్పుడు మెల్లగా అన్నాను, "దాదీ, ఈసారి వచ్చినప్పుడు చీర కట్టుకొని రా" అని. ఆమె ఏమీ అనలేదు. తల మీద టుక్రి సర్దుకొని బస్సు ఎక్కింది.

దసరా సెలవులకు ఇంటికి పోతే దాది చీరలో ఉంది. దండెం మీద కాంచళి లేదు. మూలకు కొత్త స్టీలు బిందె ఉంది. పాత బట్టలకు సామాన్లు ఇచ్చేవాడు తండాకు వచ్చాడట. కాంచళి, పేటియా రెండూ ఇచ్చి బిందె తీసుకుంది. వాటిని పట్నాల్లో ముక్కలుగా కోసి సంచులు, దిండు గలీబులు చేసి అమ్ముతారని తర్వాత తెలిసింది. "ఎందుకిచ్చినవు దాదీ?" అని అడిగాను. ఆమె మా భాషలో చెప్పింది, తెలుగులో రాస్తున్నాను: "ఇంక ఎవరు కట్టుకుంటార్రా? బిందె అయితే రోజూ పనికొస్తది."

నాకు అన్నం సహించలేదు. అందులో తప్పు ఆమెది కాదు, సామాన్లవాడిది కూడా కాదు. నాది.

ఆ రోజు ఇల్లు ఊడుస్తుంటే సందూకు కింద ఒక చిల్లిగవ్వ, ఒక చిల్లు కాణీ దొరికాయి. కాంచళి నుంచి ఎప్పుడో ఊడి పడినవి. నా డబ్బాలో మొదటి రెండు వస్తువులు అవే.

నా గుండీల డబ్బా

ఇప్పుడు నా దగ్గర బిస్కెట్ల డబ్బాలో 63 రకాల గుండీలు ఉన్నాయి. రెండు కంతలవి, నాలుగు కంతలవి, కింద కాడ ఉండేవి, టిచ్చు గుండీలు, గుడ్డ చుట్టినవి. కోటు మీది ఇత్తడి గుండీలు మూడు. ముత్యపు చిప్ప గుండీ ఒకటి. చిప్ప గుండీని గుర్తు పట్టడం తేలిక. పెదవికి తాకిస్తే చల్లగా ఉంటుంది, ప్లాస్టిక్ అంత చల్లగా ఉండదు. వెనక వైపు చూస్తే చిప్ప గరుకు కనిపిస్తుంది. 25 పైసల బిళ్ళలు కూడా రెండు ఉన్నాయి. పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లడం లేదు. కాబట్టి అది కూడా ఇప్పుడు చిల్లిగవ్వ జాబితాలో చేరినట్టే. చిల్లు వేసి సంచికి కుట్టుకోవాలని దాచాను.

సేకరణ మొదలుపెట్టిన కొత్తలో ఒక గొడవ జరిగింది. దండెం మీద ఆరేసిన అంగీల గుండీలు మాయమయ్యాయి. అందరూ నన్నే అనుమానించారు. నేను తీయలేదు. ఎవరో కంచాలకు గురిపెట్టి ఆడుకోవడానికి తెంపారని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి నేను ఒక నోటు పుస్తకం పెట్టాను. ప్రతి గుండీకి నంబరు, ఎప్పుడు దొరికింది, ఎవరు ఇచ్చారు, దేనితో చేసింది అని రాస్తాను. మీరు సేకరించాలనుకుంటే మొదటి రోజు నుంచే పుస్తకం పెట్టండి. వేసుకునే బట్ట నుంచి గుండీ తెంపకూడదు. ఇదే మొదటి నియమం. డబ్బాలో ఒక సుద్దముక్క వేస్తే తేమ పీల్చుకుంటుంది, ఇనుప గుండీలు, పిన్నీసులు తొందరగా తుప్పు పట్టవు.

సొంతంగా గుండీ చేయడం

1. కొబ్బరి చిప్ప గుండీ

కావలసినవి: కొబ్బరి చిప్ప పెంకు, గరుకు కాగితం, హాక్సా బ్లేడు, మొన ఉన్న మేకు లేదా దబ్బనం, స్కెచ్ పెన్ను మూత.

పెంకు పైన పీచు అంతా గీకి, గరుకు బండ మీద రుద్ది పలచగా చేయాలి. స్కెచ్ పెన్ను మూత పెట్టి గుండ్రంగా గీత గీయాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ముందు గుండ్రంగా కోసి తర్వాత కంతలు పెడతారు. అప్పుడు పెంకు పగిలితే చేసిన పని అంతా వృథా. ముందు కంతలు పెట్టాలి, తర్వాత కోయాలి. కంత కూడా ఒక్క వైపు నుంచి పెట్టకూడదు. మేకు మొన నిలబెట్టి మెల్లగా తిప్పుతూ ఒక వైపు సగం, తిప్పి రెండో వైపు సగం. ఒక్క కంతకు అరగంట పడుతుంది. తొందరపడి సుత్తితో కొడితే పెంకు రెండు ముక్కలవుతుంది. నావి నాలుగు అలాగే పోయాయి. తర్వాత అంచులు రుద్ది నునుపు చేసి, చుక్క కొబ్బరినూనె రాస్తే నల్లగా మెరుస్తుంది.

2. వెదురు పుల్ల గుండీ

దీనికి కంత అక్కరలేదు. పెన్సిలంత లావు వెదురు పుల్లను వేలి కణుపంత పొడుగు కోయాలి. సరిగ్గా నడుమ చుట్టూ గాడి పెట్టాలి. ఆ గాడిలో దారం బిగించి బట్టకు కుట్టాలి. రెండో పక్క కాజాకు బదులు దారంతో ఉచ్చు కుట్టాలి. ఉచ్చులో పుల్లను నిలువుగా దూర్చి అడ్డంగా వదిలితే ఇక ఊడదు. చలికోటుకు, పుస్తకాల సంచికి ఇది చాలా బాగుంటుంది. మన కోయ మిత్రులు, గోండు మిత్రులు వెదురు పనిలో నాకంటే నేర్పరులు. నాకు గాడి పెట్టడం నేర్పింది కూడా మా గదిలోని కోయ మిత్రుడే.

3. దారం గుండీ

ఇది అన్నిటికంటే అందమైనది. ఇంగ్లండ్‌లో డోర్సెట్ అనే ప్రాంతంలో 1622 నుంచి దీన్ని ఇంటింటా చేసేవారు. మొదట్లో గొర్రె పొట్టేలు కొమ్ము బిళ్ళల మీద, తర్వాత తీగ రింగుల మీద దారం చుట్టేవారు. వందల ఏళ్ళు పేదల ఇళ్ళు ఆ పని మీద బతికాయి. 1850 ప్రాంతంలో యంత్రంతో చేసే గుండీలు రావడంతో ఆ పని పోయింది. చాలా కుటుంబాలు ఊళ్ళు విడిచి దూర దేశాలకు వెళ్ళిపోయాయి. రైళ్ళు వచ్చాక మా వాళ్ళ ఎద్దుల వ్యాపారం పోయినట్టే అది కూడా.

చేసే విధానం: కరెంటు పని అయ్యాక పారేసే ప్లాస్టిక్ తొడుగు వైరు ముక్క తీసుకొని స్కెచ్ పెన్ను చుట్టూ రెండు చుట్లు తిప్పి రింగు చేయాలి. తొడుగు ఉంటే తుప్పు పట్టదు. మొదట రింగు మొత్తం కాజా కుట్టుతో కప్పాలి. రెండోది, కుట్టు ముడులు బయటి అంచున వస్తాయి, వాటిని లోపలికి తిప్పాలి. మూడోది, సైకిల్ చక్రం పుల్లలలాగా ఈ అంచు నుంచి ఆ అంచుకు దారాలు వేసి నడుమ ముడి వేయాలి. నాలుగోది, నడుమ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పుల్ల చుట్టూ తిప్పుతూ సాలెగూడులాగా నింపుకుంటూ రావాలి. రెండు రంగుల దారం వాడితే పువ్వులాగా వస్తుంది.

చేయకూడనివి

నేను చింతగింజలకు చిల్లు వేసి ఒక అంగీకి ఐదు గుండీలు కుట్టాను. ఎర్రగా నిగనిగలాడుతూ చూడటానికి ఎంతో బాగున్నాయి. మొదటి ఉతుకుకే చిల్లులోంచి నీళ్ళు పోయి గింజలు ఉబ్బి, పెచ్చులు లేచి, అంగీకి జిగురు పట్టింది. కుంకుడు గింజ నల్లగా, గట్టిగా ఉంటుంది, అది పనికొస్తుంది. గురివింద గింజలు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ఎర్రగా, నల్ల చుక్కతో అందంగా ఉన్నాయని చిల్లు పెట్టబోతారు. గింజ పగిలితే లోపల ఉండేది ఘోరమైన విషం. చిన్న తరగతుల తమ్ముళ్ళు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

ఒక్క కుట్టు, మూడు పనులు

పైన కాజా కుట్టు అని రాశాను. అది నేర్చుకుంటే సగం పని వచ్చినట్టే. బట్ట అంచు నుంచి కొంచెం లోపల సూది గుచ్చండి. సూదిని పూర్తిగా లాగక ముందే దారాన్ని సూది మొన కిందుగా వేయండి. ఇప్పుడు లాగండి. అంచు మీద దారం మెలిక పడి కూర్చుంటుంది. దాని పక్కనే మరొకటి, దాని పక్కనే మరొకటి. అంచు పీచు లేవకుండా గట్టిపడుతుంది.

కాజా అంచుకు ఇదే కుట్టు. దారం గుండీ రింగుకు ఇదే. మా దాది అద్దం బిగించేది కూడా ఈ రకం కుట్టుతోనే! అద్దానికి కంత ఉండదు కదా, మరి ఎలా నిలుస్తుందని నేను అడిగాను. ఆమె చేసి చూపించింది. అద్దం మీదుగా ముందు రెండు దారాలు నిలువుగా, రెండు దారాలు అడ్డంగా వేసి కిటికీలాగా కడుతుంది. తర్వాత ఆ దారాలను పట్టి లాగుతూ చుట్టూ మెలికల కుట్టు వేస్తుంది. కిటికీ వెడల్పయి గుండ్రటి చట్రం అవుతుంది. అద్దం అందులో ఇరుక్కుపోతుంది. జిగురు లేదు, మేకు లేదు. ఎన్ని ఉతుకులు ఉతికినా కదలదు.

గుండీ కుట్టడం

దారాన్ని రెండు పేటలు చేసి కొవ్వొత్తి మీద ఒకసారి లాగండి. మైనం పట్టి చిక్కులు పడదు. గుండీ మీద ఒక అగ్గిపుల్ల పెట్టి, పుల్ల మీదుగా నాలుగు సార్లు కుట్టండి. తర్వాత పుల్ల తీసేస్తే గుండీ కొంచెం వదులుగా పైకి లేస్తుంది. ఆ సందులో దారం మూడు నాలుగు చుట్లు తిప్పి కింద ముడి వేయండి. దీంతో గుండీకి మెడ వస్తుంది. కాజా బట్ట కూర్చోవడానికి ఆ మెడ కావాలి. మెడ లేకుండా బిగించి కుట్టిన గుండీయే ముందు తెగుతుంది.

మన గుండీలు ఊడటానికి, పగలడానికి పెద్ద కారణం బండకేసి బాదడం. ఉతికేటప్పుడు గుండీలన్నీ పెట్టి అంగీని తిరగేసి ఉతకండి. గుండీలు లోపల ఉంటాయి, దెబ్బ బట్టకు తగులుతుంది.

సరిపోయే గుండీ దొరకకపోతే ఒక ఉపాయం ఉంది. అంగీకి అన్నిటికంటే కింద ఉన్న గుండీ లాగులోపలికి పోతుంది, ఎవరికీ కనిపించదు. దాన్ని తీసి పైన ఊడిన చోట కుట్టండి. కింద మాత్రం కొబ్బరి చిప్పదో, దారందో మీరు చేసిన గుండీ పెట్టుకోండి.

పిన్నీసు, బ్యాడ్జి

పిన్నీసు చెడ్డదని నేను అనను. అది అవసరానికి స్నేహితుడు. కానీ వానాకాలం రెండు రోజులు అంగీకే ఉంచితే తుప్పు మరక పడుతుంది. ఆ మరక మామూలు ఉతుకుకు పోదు. పిన్నీసును బ్యాడ్జి చేయడానికి వాడండి. అట్టను గుండ్రంగా కత్తిరించి, పైన పాత బట్ట కప్పి, అంచులు వెనక్కి మడిచి దారంతో లాగి కట్టాలి. పిన్నీసు తెరుచుకోని వైపును వెనక బట్టకు కుట్టాలి. ముందు వైపు సూదిదారంతో పేరో, పువ్వో, జెండానో కుట్టుకోవచ్చు. ఆగస్టు 15కు మన తరగతికి 40 బ్యాడ్జీలు మేమే చేశాం. కాగితం జెండాలు సాయంత్రానికి కింద పడిపోయాయి, ఇవి ఇప్పటికీ ఉన్నాయి.

అతుకు

అతుకును మాసిక అని కూడా అంటారు. అతుకు వేయడంలో గుర్తుంచుకోవలసినవి ఇవి:

అ) కొత్త బట్ట అతుకు వేయకూడదు. ఉతికితే అది కుదించుకొని చుట్టూ పాత బట్టను లాగి ఇంకా చింపుతుంది. ముందు రెండుసార్లు ఉతకాలి.

ఆ) రంగు కలవాలంటే పాత యూనిఫారం ముక్కే మంచిది. మీ అంగీ ఎంత వెలిసిందో అది కూడా అంతే వెలిసి ఉంటుంది.

ఇ) ముక్క చిరుగు కంటే అన్ని వైపులా ఒక వేలు ఎక్కువ ఉండాలి. పోగులు అంగీలో ఏ దిక్కుకు ఉన్నాయో అతుకులో కూడా ఆ దిక్కుకే ఉండాలి.

ఈ) అంచు లోపలికి మడిచి దగ్గర దగ్గరగా కుట్టాలి.

అతుకు అంటే సిగ్గుపడేవాళ్ళు ఒక్కటి ఆలోచించండి. చలికాలం మన ఇళ్ళల్లో కప్పుకునే బొంత మొత్తం అతుకులే. అమ్మమ్మ చీర, అమ్మ చీర, చిన్నప్పటి అంగీ అన్నీ అందులో ఉంటాయి. దాన్ని కప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు, దాని కోసం కొట్లాడతారు!

మీకు తెలుసా?

* పిన్నీసును 1849లో అమెరికాకు చెందిన వాల్టర్ హంట్ కనిపెట్టాడు. ఆ హక్కును 400 డాలర్లకు అమ్ముకున్నాడు.

* అడవిలో నడిస్తే బట్టలకు ముళ్ళకాయలు అంటుకుంటాయి కదా. 1941లో స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ తన కుక్క బొచ్చుకు అంటిన అలాంటి కాయలను సూక్ష్మదర్శినిలో చూశాడు. చిన్న చిన్న కొక్కేలు కనిపించాయి. అలా వెల్క్రో పుట్టింది. బూట్లకు, సంచులకు చర్రుమని ఊడే పట్టీ అదే.

* కర్ణాటకలో బళ్ళారి జిల్లా సండూరు లంబాడీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో జి20 సమావేశం జరిగినప్పుడు, 450 మందికి పైగా లంబాడీ మహిళలు కుట్టిన 1755 ముక్కలను ఒకచోట ప్రదర్శించారు. అది గిన్నిస్ రికార్డు అయింది.

ఆఖరి మాట

సండూరు సంగతి చదివిన రోజు దాదికి ఫోన్ చేసి చెప్పాను. "1755 ముక్కలా?" అని నవ్వింది. "నాది ఒక్కటి తక్కువైంది పో" అన్నది. ఆమె ఊరికే అన్నదో, బాధపడి అన్నదో నాకు తెలియలేదు.

సంక్రాంతి సెలవుల్లో ఆమె నాకు అద్దం కుట్టు నేర్పడం మొదలుపెట్టింది. "మగపిల్లగానికి సూది ఎందుకు?" అని మా బా, అంటే మా నాన్న, నవ్వాడు. ఊళ్ళో బట్టలు కుట్టేది మగ దర్జీయే కదా అన్నాను. ఇంక ఏమీ అనలేదు. ఇప్పటికి జానెడు బట్ట మీద ఏడు అద్దాలు కుట్టాను. మూడు వంకరగా ఉన్నాయి. నడుమ ఆ చిల్లిగవ్వ, చిల్లు కాణీ కుట్టాను. అది పూర్తయ్యాక దాదికి ఇస్తాను. కాంచళి కాదు, చిన్న సంచి. తమలపాకులు పెట్టుకోవడానికి. ఈసారి ఆమె హాస్టల్‌కు వచ్చినప్పుడు తనకు నచ్చిన బట్టలు కట్టుకొని రమ్మని చెప్పాను. వస్తానన్నది. అప్పుడు గేటు దగ్గర ఎవరూ నవ్వకండి. నవ్వితే ఆమె చేత అందరికీ గుండీలు కుట్టించను!

చివరగా వార్డెన్ సార్లకు ఒక చిన్న విన్నపం. మన ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉన్నట్టే ప్రతి డార్మిటరీకి ఒక సూదిదారం డబ్బా పెట్టించగలరు. నాలుగు సూదులు, తెల్ల దారం రీలు, యూనిఫారం రంగు దారం రీలు, ఒక చిన్న కత్తెర, ఊడిన గుండీలు వేయడానికి ఒక సీసా. పాత యూనిఫారాలు పారేయకుండా ఒక సంచిలో వేస్తే అతుకులకు పనికొస్తాయి. చేత్తో చేసిన గుండీ పెట్టుకున్నవాడిని, శుభ్రంగా అతుకు వేసుకున్నవాడిని వరుసలోనే నిలబడనివ్వాలని కూడా మనవి.

మిత్రులారా! ప్రతి ఆదివారం బట్టలు ఆరేశాక, మధ్యాహ్నం రెండు గంటల నుంచి నాలుగు వరకు నేను వెనక వరండాలో నా డబ్బాతో కూర్చుంటాను. గుండీ ఊడినవాళ్ళు అంగీ పట్టుకొని రండి. మొదటిసారి నేను కుట్టి ఇస్తాను. రెండోసారి మీ చేత కుట్టిస్తాను. మూడోసారి మీరు ఒక తమ్ముడికి కుట్టి పెట్టాలి. నేను తీసుకునే ఫీజు ఒక్కటే. మీ ఇంట్లో ఏ మూలనైనా ఊడిపడిన పాత గుండీయో, గవ్వో ఉంటే సెలవులకు పోయినప్పుడు తెచ్చి, అది ఎవరి బట్ట మీదిదో చెప్పండి. నోటు పుస్తకంలో 64వ నంబరు ఖాళీగా ఉంది.

– మీ మిత్రుడు,
9వ తరగతి, 'బి' సెక్షన్